నీలం అంచు

తిన్ తిన్ పనికి వచ్చిన మొదటి పొద్దునే డోరతీ తన గాజు కోత బల్లని కిటికీ ముందుకి జరిపేసుకుంది. ఆ హాలుకి ఉన్నది ఒక్కటే పెద్ద కిటికీ. కరెంటు పోతే పనంతా ఆ వెలుతురులోనే జరగాలి. బల్ల జరిగాక గోడకి మిగిలింది డోరతీ నీడ. గాజు ముక్కలు గోడలో పొదగవలసిన మనిషి ఇక ఆ నీడలో నిలబడి పని చేసుకోవాలి.

తిన్ తిన్ సంచీలోంచి నల్ల లక్క డబ్బా, బూడిద పొట్లం, కొమ్ముతో చేసిన చిన్న గరిటె తీసి నేల మీద పరిచిన పాత పేపరు మీద వరసగా పెట్టుకుంది. లుంగీ కొస నడుము దగ్గర బిగించి దోపుకుని, బుగ్గల మీది గంధం చెరగకుండా మణికట్టుతో నుదురు తుడుచుకుంది.

"సూసినావా నాథనూ," అంది డోరతీ, ఎదురుగోడకి సిమెంటు నునుపు చేస్తున్న మేస్త్రీతో. "గుంట మొగం అచ్చం మా అన్నదే. పొగరు మాత్రం ఆ తల్లిది."

నాథన్ తాపీ ఆపకుండానే అన్నాడు. "ఎందుకప్పా? ఇంటాది."

"ఇంటే ఏటి? దానికి తెలుగెక్కడిది! ఆళ్లింట్లో ఎవులు మాటాడతారు?"

తిన్ తిన్ లక్కలో బూడిద కలుపుతోంది. చెయ్యి ఒకే తీరుగా తిరుగుతోంది. ముద్ద బిగిసేదాకా తల ఎత్తలేదు.

రంగూన్‌లో చౌక్తడా పేటలో, కోర్టుల వెనక వీధిలో, తెల్లవాళ్ల కాలం నాటి మేడ కింది అంతస్తది. ఊ సోయ్ విన్, అంటే సోయ్ విన్ గారు, దాన్ని తీసుకుని హోటలు పెడుతున్నాడు. ఆయన ఇటలీ చూసి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక బరువైన బొమ్మల పుస్తకం మోసుకొచ్చాడు. పూర్వం రోము నగరంలో గొప్పవాళ్లు భోజనాల గదుల గోడల్లో గాజు పొదిగించుకునేవారట. అద్దం కాదు, రంగు రాయిలా చిక్కటి గాజు. తామరమొగ్గలు, చేపలు, ద్రాక్షతీగలు, నాటకాలవాళ్లు పెట్టుకునే ముఖాలు, అన్నీ గాజు ముక్కలే. రంగూన్‌లో గాజు పొదగడం అందరూ ఎరిగిన పనే. పగోడాల్లో స్తంభాలకీ బుద్ధుడి సింహాసనాలకీ అద్దాల పని లేనిదెక్కడ? కానీ సోయ్ విన్‌కి తళుకు పనికిరాదు. "అద్దం పెడితే గుడికి వచ్చామనుకుంటారు. నాకు రోము కావాలి," అన్నాడు.

ఆ రోముని గోడకి ఎక్కించే పని ఎడ్విన్ రాజు ఒప్పుకున్నాడు. తెలుగు బాప్టిస్టు గుడిలో పెద్ద ఆయన. ఆదివారాల్లో కానుకల సంచీ పట్టుకుని బెంచీల మధ్య తిరుగుతాడు, మిగతా రోజుల్లో హోటళ్లకీ బ్యాంకులకీ లోపలి పనులు చేయిస్తాడు. కోతకి ఆయనకి డోరతీ ఉండనే ఉంది. పొదిగే మనిషి థాయిలాండు వెళ్లిపోతే ఊరంతా వెతికి తిన్ తిన్‌ని తెచ్చాడు. ఆమె ఎవరి కూతురో ఆయనకి తెలుసు. "పని మట్టుకు సూడండి సిస్టర్," అని డోరతీకి ముందే చెప్పాడు. డోరతీ అన్న జార్జి బర్మా పిల్లని చేసుకుని, గుడి మానేసి, పగోడాకి వెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ రెండిళ్ల మధ్యా మాటల్లేవు. జార్జి పోయినప్పుడు కూడా డోరతీ వాగు అవతల తాకేటా పేటలో తన ఇల్లు కదలలేదు.

గోడ మధ్యలో రెండు నాటక ముఖాలు రావాలి. ఒకటి నవ్వేది, ఒకటి ఏడ్చేది. రోమువాళ్ల పద్ధతి వేరు. గాజు కడ్డీని ఎక్కడ కోసినా సగం ముఖం బొమ్మ కనబడేలా పోసి, ఆ కడ్డీ నుంచి రెండు పల్చటి బిళ్లలు కోసి, ఒకదాన్ని తిరగేసి రెండోదాని పక్కన పెడితే నిండు ముఖం అయ్యేదట. అలాంటి కడ్డీ పోసేవాడు ఇక్కడ లేడు. అందుకని డోరతీ రంగు పలకల నుంచి కనుబొమ్మ, కన్ను, చెంప, పెదవి విడివిడిగా కోస్తోంది. ఒక్కొక్కటీ కవలల్లా రెండేసి. రెండోదాన్ని తిరగేస్తే మొదటిదానికి జోడీ కుదరాలి, గోరు పట్టే సందు కూడా ఉండకూడదు. ముఖాల చుట్టూ తెల్ల తామరమొగ్గలతో వెడల్పాటి నీలం అంచు.

కోతచక్రాన్ని కిరసనాయిలు సీసాలో ముంచి, పలక మీద గీత లాగేది డోరతీ. కిర్రుమని ఒకటే చప్పుడు. గీత కింద వేలితో తట్టి, పటకారుతో చిన్నగా విరిచేది. విరిగిన అంచుని సానరాయి మీద తడిపి రుద్దేది. తర్వాత ముక్కలన్నీ సబ్బునీళ్లలో వేసి కడిగి, బట్ట మీద బోర్లా ఆరబెట్టేది. తిన్ తిన్ వచ్చి ఆరినవి పళ్లెంలో ఎత్తుకుపోయేది. అడిగి తీసుకున్నది లేదు, ఇచ్చి చెప్పింది లేదు. నవ్వే ముఖంలో ఎడమ సగం లేచేసరికి ఆ పళ్లెం వాళ్ల మధ్య ఎన్నిసార్లు తిరిగిందో, ఒక్క మాట మాత్రం తిరగలేదు.

మాటలన్నీ నాథన్‌కే. "ఆ బూడిద వాసనకి అన్నం ఎలాగ దిగుతాదో దానికి." "మతం మార్సుకున్నోడి కూతురు బొమ్మలకి మొగాలు పెడతన్నాది, బాగున్నాది." నాథన్ ఊఁ అనేవాడు, లేకపోతే సిమెంటు కలపడానికి అటు తిరిగేవాడు. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకున్నప్పుడు తిన్ తిన్ మెట్ల మీద ఒక్కర్తే కూర్చుని తినేది.

తామరమొగ్గలు అయ్యాక నీలం అంచు మొదలుపెట్టిన రోజు తెల్లారకుండానే కరెంటు పోయింది. నీళ్లు ఎక్కించే మోటారు నడవలేదు. డ్రమ్ములో అడుగున ఉన్న నీళ్లు నాథన్ సిమెంటులో పోసేశాడు. డోరతీ ముక్కలు కోసి, భుజం మీది తువ్వాలుతో రెండు వైపులా తుడిచి పళ్లెంలో పేర్చింది. ఎడ్విన్ రాజు అంచు తొందరగా అయిపోవాలని పొద్దున్నే చెప్పి వెళ్లాడు. తిన్ తిన్ ఒక నీలం ముక్కని వేళ్ల మధ్య తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. డోరతీ వంక చూసింది. డోరతీ నాథన్ వైపు తిరిగి, "వాసన సూస్తన్నాది, పిల్లిలాగ," అంది.

తిన్ తిన్ ఆ ముక్కని లక్క ముద్ద మీద పెట్టి బొటనవేలితో నొక్కింది.

శనివారం ఊ సోయ్ విన్ భార్యనీ, ఇద్దరు స్నేహితులనీ వెంటబెట్టుకుని గోడ చూపించడానికి వచ్చాడు. ఎడ్విన్ రాజు తలుపు దగ్గరే ఎదురెళ్లాడు. లోపల అడుగు పెట్టగానే సోయ్ విన్ చెప్పు కింద ఏదో నలిగింది. కాలు ఎత్తి చూశాడు. నీలం గాజు. గోడ వారన ఇంకా పడి ఉన్నాయి, కొన్ని ముక్కలై, కొన్ని నిండుగా. అందరూ నిలబడి చూస్తుండగానే అంచులోంచి మరొకటి జారి నేల మీద టిక్కుమంది.

స్నేహితుల్లో ఒకడు నవ్వాడు. "రోము కూలిపోతోంది," అన్నాడు.

సోయ్ విన్ నవ్వలేదు. "ఏమిటిది?" అని ఎడ్విన్ రాజుని అడిగాడు. ఎడ్విన్ రాజు డోరతీ ముఖంలోకి చూశాడు. తిన్ తిన్ అప్పటికే వంగి పడ్డ ముక్కలు ఏరుతోంది.

డోరతీ తడుముకోలేదు. బల్ల వెనక నుంచి లేచి, అందరికీ వినబడేలా బర్మా భాషలో చెప్పింది. "గాజు కోసింది నేను. అంటించింది నేను కాదు. బూడిద ఎక్కువ కలిపితే లక్క పట్టదు. చెయ్యి తిరిగినవాళ్లకి తెలుస్తుంది. ఈ అమ్మాయికి ఇంకా చెయ్యి తిరగలేదు."

"నా లక్క అలా..." అంటూ తిన్ తిన్ లేచింది.

"నువ్వుండు," అన్నాడు ఎడ్విన్ రాజు. సోయ్ విన్ వైపు తిరిగి రెండు చేతులూ ముందు కట్టుకున్నాడు. "ఈ రోజే మార్చేస్తానండీ. విదేశీ జిగురు తెప్పిస్తాను. అంతా కొత్తగా వేయిస్తాను."

"ఇంకోసారి నా వాళ్ల ముందు నా గోడ రాలకూడదు," అన్నాడు సోయ్ విన్. భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

తిన్ తిన్ ఏరిన ముక్కల్ని డోరతీ బల్ల మీద పెట్టింది. గరిటెని నూనెగుడ్డతో మెల్లగా తుడిచింది. లక్క మీద గాలి పడకుండా తడి కాగితం కప్పి డబ్బా మూత బిగించింది. అన్నీ సంచీలో పెట్టుకుని, మెట్ల దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది.

"పీడా పోయింది," అంది డోరతీ నవ్వుతూ.

సోమవారం పొద్దున్న ఎడ్విన్ రాజు జిగురు గొట్టాలు తెచ్చి ఇచ్చాడు. గోడ మీద ఉన్నదంతా ఊడబెరికి, కడిగి, మళ్లీ పొదగమన్నాడు. డోరతీ కత్తిరేకు తీసుకుని ముందు తామరమొగ్గల దగ్గర మొదలుపెట్టింది. రేకు కొన గాజు కిందికి పోలేదు. సుత్తితో రేకు వెనక తట్టింది. మొగ్గ మధ్యకి పగిలిందే తప్ప ఊడలేదు. పగిలిన రెండు ముక్కలూ గోడనే పట్టుకుని ఉన్నాయి. నవ్వే ముఖం దగ్గరికి వెళ్లి చెంప ముక్క కింద పెట్టి చూసింది. సిమెంటు పెచ్చు లేచింది, గాజు లేవలేదు.

చెయ్యి తిరగని మనిషి పని ఇలా ఉండదు.

అంచు దగ్గరికి వచ్చింది. నీలం ముక్కలు మాత్రం రేకు తగలగానే ఊడి చేతిలో పడుతున్నాయి. ముక్క పడ్డ చోట గోడ మీద లక్క ముద్ద చెక్కుచెదరకుండా ఉంది, గాజు ఆకారం అచ్చు గుద్దినట్టుగా, నున్నగా. లక్క గోడని పట్టుకుంది. గాజునే పట్టుకోలేదు. డోరతీ ఒక ముక్కని తిరగేసి బొటనవేలితో రుద్దింది. జిడ్డు. డ్రమ్ములోంచి నీటిచుక్క తీసి దాని మీద వేసింది. చుక్క పరుచుకోకుండా గుండ్రంగా నిలబడి అటూ ఇటూ దొర్లింది. కడిగి ఆరబెట్టిన తెల్ల ముక్క మీద ఇంకో చుక్క వేసింది. అది పల్చగా పాకిపోయింది.

ముక్కని ముక్కు దగ్గర పెట్టుకోనక్కరలేదు. అయినా పెట్టుకుంది. కిరసనాయిలు. భుజం మీది తువ్వాలు తీసి చూసింది. పొద్దస్తమానం కోతచక్రం తుడిచే తువ్వాలే అది.

"నాథనూ, ఆరోజు నీళ్లు..."

"నేవు కదప్పా," అన్నాడు నాథన్, ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నవాడిలా. "ఆకరి నీళ్లు నేనే సిమెంటులో పోసీసినాను."

"నీకు తెల్సా?"

"అనుకున్నాను."

"మరి సెప్పలేదేటి?"

"ఎవులికి సెప్పాల? నువ్వేమో పీడా పోయిందని నవ్వుతున్నావు."

డోరతీ తువ్వాలుని తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. ఎడ్విన్ రాజు మధ్యాహ్నం వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన వింటూనే తలుపు దాకా వెళ్లి వీధిలోకి చూసి వచ్చాడు.

"ఎవరికన్నా సెప్పినారా?"

"నేదు."

"సెప్పకండి. పోయినాది పోయింది, ఆ గుంటకి ఇంకో చోట పని దొరుకుతాది. ఇప్పుడు మనోళ్లదే తప్పంటే సోయ్ విన్ నన్ను కూడా పంపీసి సైనావోళ్లని పెట్టుకుంటాడు. అయినా మీకేటి సిస్టర్? ఆ పిల్లంటే మీకు పడదు గదా. దేవుడే మీ పక్కన ఉన్నట్టయింది."

డోరతీ గొట్టం మూత తీసి పని మొదలుపెట్టింది. గోడ దగ్గర నిలబడేసరికి కిటికీకీ గోడకీ మధ్య తన బల్ల అడ్డంగా ఉందని తెలిసింది. తను చేసుకున్న చీకటిలోనే చేతులు పెట్టి, ఊడని ఎడమ సగం పక్కన నవ్వే ముఖానికి కుడి సగం పొదగబోయింది. కొయ్యడం ఒక చెయ్యి, పొదగడం ఇంకో చెయ్యి. విదేశీ జిగురు ఆమె సర్దుకునేలోపే గట్టిపడిపోతోంది. కన్ను ఒక వెంట్రుకవాసి పైకి పోయింది. పెదవి కిందికి జారింది. సాయంత్రానికి ఆ ముఖం ఒక వైపు నవ్వుతూ, ఇంకో వైపు ఎవరినో వెక్కిరిస్తున్నట్టు తయారైంది. నాథన్ దాన్ని చూసి పనిముట్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం డోరతీ తిన్ తిన్ వాళ్లుండే లత అనే పేటకి నడుచుకుంటూ వెళ్లింది. ఇరుకు వీధి, ఇరువైపులా ఎత్తు మేడలు, ప్రతి అంతస్తు నుంచీ వీధిలోకి వేలాడే గంట తాళ్లు. తిన్ తిన్ వాళ్ల తాడు ఏదో పక్క టీ దుకాణంలో అడిగి తెలుసుకుని లాగింది. పైన గంట మోగింది. బాల్కనీలోంచి తిన్ తిన్ తల్లి తొంగి చూసింది. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టాక కింది తలుపు తాళంచెవి క్లిప్పుకి తగిలించి తాడుతో కిందికి దింపింది.

"మెట్లు జాగ్రత్త," అంది బర్మాలో, తలుపు దగ్గరే నిలబడి. "లోపలికి రండి. తిన్ తిన్, నీ మేనత్త వచ్చింది."

గది చిన్నది, శుభ్రంగా ఉంది. గోడకి ఎత్తుగా బుద్ధుడి అర, దానికి కొంచెం కిందగా జార్జి ఫోటో. డోరతీ ఫోటోకి ఎదురుగా కాకుండా పక్కకి కూర్చుంది. తల్లి టీ కాచి తెచ్చింది, ఊరబెట్టిన టీ ఆకు, వేయించిన బఠానీలు పళ్లెంలో పెట్టింది. "పని ఎలా జరుగుతోంది? దీనికి రెండు రోజులు సెలవిచ్చారట కదా," అంది.

డోరతీ నోరు తెరిచేలోపే తిన్ తిన్ ఎదురుగా వచ్చి కూర్చుంది. నవ్వుతోంది. నవ్వుతూనే తెలుగులో మాట్లాడింది.

"మా అమ్మ ముందర బర్మాలో సెప్పకండి. నాకు పని ఉన్నాదనే అనుకుంతంది."

డోరతీ చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ మాట తీరు జార్జిదే. ఒత్తులు మింగేయడం, మాట చివర సాగదీయడం.

"నీకు తెలుగొచ్చా?"

"మా నాన్నకి కోపం వొస్తే ఇంకే బాస వొచ్చీదేటి?" తిన్ తిన్ టీ ఆకు పళ్లెం ముందుకి జరిపింది. మొహం మీది నవ్వు చెదరలేదు. "గుంట మొగం మా అన్నది, పొగరు తల్లిది. బూడిద వాసనకి అన్నం ఎలాగ దిగుతాదో. పిల్లిలాగ వాసన సూస్తన్నాది. పీడా పోయింది. ఇంకేటన్నారు? మెట్ల కాడ కూకుని తింటంటే కూడా ఏదో అన్నారు, అది సరిగా ఇనబడలేదు. తినండి, మా అమ్మ సూస్తంది."

డోరతీ ఒక బఠానీ నోట్లో వేసుకుంది.

"నేను గాజు సంగతి సెప్పడానికొచ్చినాను. తప్పు నీ లక్కది కాదు. నేను కడగలేదు."

"తెలుసు. కిరసనాయిలు."

"తెల్సి అంటించినావా? అడగలేదేటి మరి?"

"అడిగితే ఏటనీవోరు?"

డోరతీ గ్లాసు కింద పెట్టింది.

"అదే. అందుకే అడగలేదు," అంది తిన్ తిన్. "పడితే పడనీ అనుకున్నాను. పడితే మీ మీదకొస్తాదనుకున్నాను. నా మీదకొచ్చింది. అది నా తప్పే, నేను అనుభవిస్తన్నాను." కొంచెం ముందుకి వంగింది. "కానీ ఒకటి సెప్పండి. బుద్దుడి పీటలకి అద్దాలు కోసి ఇన్నేళ్లు కూలి తెచ్చుకున్నారు మీరు. మా నాన్న ఆ పీట ముందర మొక్కితే మీ తలుపు మూసీసినారు. ఆయన పోయినప్పుడు కూడా తియ్యలేదు. మీకది ఎలాగ కుదిరింది?"

"అవి ఇప్పుడెందుకు?" అంది డోరతీ.

తల్లి గిన్నె కడుగుతూ ఇటు తిరిగింది. "ఏమిటి అంత నవ్వుకుంటున్నారు? నాకూ చెప్పండి," అంది.

"నాన్న చిన్నప్పటి సంగతులమ్మా," అంది తిన్ తిన్ బర్మాలో.

తల్లి ముఖం విప్పారింది. చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ జార్జి ఫోటో వైపు ఒకసారి చూసి, "మంచిదైంది. వస్తూ ఉండండి," అంది డోరతీతో.

మెట్ల దాకా తిన్ తిన్ వచ్చింది. అక్కడ తల్లి కనబడదు. నవ్వు తీసేసింది.

"ఇక్కడ సెప్తే నాకేటి లాభం? అక్కడ సెప్పండి. బర్మాలో సెప్పండి. ఆరోజు ఎలాగ సెప్పినారో అలాగ, అందరూ ఇనీలాగ."

తలుపు వేసుకుంది.

సోయ్ విన్ మళ్లీ వచ్చింది వంటగది పొయ్యిలు దించుకోవడానికి. హాలు నిండా కూలీలు, పెట్టెలు, కొత్తగా చేరిన వంటవాళ్లు. ఆయన గోడ దగ్గరికి వచ్చి వంకర ముఖాన్ని చూసి, తల పక్కకి వాల్చి మళ్లీ చూశాడు. "ఇదేమిటి, దీనికి పక్షవాతం వచ్చిందా?" అన్నాడు.

ఎడ్విన్ రాజు ఏదో చెప్పబోయాడు. డోరతీ బల్ల వెనక నుంచి లేచింది.

"అంచు రాలింది నా వల్ల," అంది బర్మాలో, అందరికీ వినబడేలా. "గాజు మీద కిరసనాయిలు ఉండిపోయింది. నేను కడగలేదు. ఆ అమ్మాయి లక్క బాగానే ఉంది. ఆమె పొదిగింది ఇప్పటికీ ఊడటం లేదు, కావాలంటే లాగి చూడండి. ఈ వంకర సగం నేను పెట్టింది."

"నోరు ముయ్యండి సిస్టర్," అన్నాడు ఎడ్విన్ రాజు తెలుగులో, పెదవులు కదలకుండా.

సోయ్ విన్ డోరతీనే చూస్తున్నాడు. "మరి ఆ రోజు అలా ఎందుకు చెప్పారు?"

ఆ రోజు తెలియదు అని చెప్పవచ్చు. అది నిజమే. కానీ తెలిసి ఉంటే మాత్రం ఏం చెప్పి ఉండేదో డోరతీకి తెలుసు.

"ఆమె అంటే నాకు పడదు," అంది. "మా అన్న కూతురు."

పొయ్యి మోస్తున్న కూలీలు ఆగి చూశారు. సోయ్ విన్ మెడ ఎర్రబడింది. "మీ ఇంటి పోట్లాట నా గోడ మీదకి తెచ్చారా! నా భార్య ముందు, నా స్నేహితుల ముందు!" ఎడ్విన్ రాజు వైపు తిరిగాడు. "ఈవిడ వెళ్లిపోవాలి. ఆ అమ్మాయి రావాలి. రాకపోతే నువ్వూ వెళ్లు."

డోరతీ కోతచక్రాన్ని తుడిచి పెట్టెలో పెట్టుకుంది. పటకారు, సానరాయి, కొలబద్ద. నాథన్ వచ్చి పెట్టె పట్టుకోబోతే వద్దంది. ఎడ్విన్ రాజు తలుపు దాకా వెంట వచ్చాడు, సాగనంపడానికి కాదు.

"నన్ను అందరి ముందరా నిలబెట్టినారు. ఇంక నా పనుల్లోకి రావద్దు. గుడికైతే రండి, అది నాది కాదు."

ఆదివారం గుడికి వెళ్లింది. కానుకల సంచీ ఆమె బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఎడ్విన్ రాజు చూపు ఎదుటి గోడ మీద ఉంది. ప్రార్థన అయ్యాక ఎవరూ పలకరించకుండా తప్పుకోలేదు గానీ, ఎవరూ ఆగలేదు కూడా. సంగతి అందరికీ తెలిసిందన్నమాట. తాకేటా బస్సు పజుండాంగ్ వాగు దాటుతుంటే, అన్న కూతురి కోసం పని పోగొట్టుకున్నానని ఎవరికన్నా చెప్పుకుంటే బాగుండుననిపించింది. అది అబద్ధమని కూడా వెంటనే అనిపించింది. ఆ పిల్ల మీద ఆమెకి ప్రేమ పుట్టలేదు. లత పేటలో మెట్ల దగ్గర తిన్ తిన్ తలుపు వేసుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

తర్వాత కొన్ని రోజులు ఊళ్లో తెలిసిన ఫోటోల దుకాణాలకి ఫ్రేముల అద్దాలు కోసి పెట్టింది. తిన్నగా నాలుగు గీతలు. చూడకుండా కోసే పని.

ఒక సాయంత్రం ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతుంటే గేటు బయట ఎవరో నిలబడ్డారు. తిన్ తిన్. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, చెప్పుల నిండా బురద. లోపలికి రమ్మని డోరతీ అనలేదు. అన్నా ఆమె వచ్చేది కాదు.

"కొత్తగా ఒకాయన్ని పెట్టారు కోతకి," అంది తిన్ తిన్, బర్మాలో. తెలుగుతో ఆమె అవసరం తీరిపోయినట్టుంది. "ముక్కకీ ముక్కకీ మధ్య గోరు దూరుతోంది. ఏడ్చే ముఖం ఆయన వల్ల కాదు. ఊ సోయ్ విన్‌తో మాట్లాడాను."

"ఏం మాట్లాడావు?" డోరతీ కూడా బర్మాలోనే అడిగింది.

"మీరు కోసింది కావాలని చెప్పాను. మీరు కావాలని చెప్పలేదు." గేటు ఊచ మీద ఉన్న చెయ్యి తీసేసింది. "ఎడ్విన్ రాజు మీతో మాట్లాడడు. నేనూ మాట్లాడను, పని గురించి తప్ప. రేపు పొద్దున్న రండి. ఇష్టమైతేనే."

డోరతీ చేట కింద పెట్టింది. ఇష్టం లేదు అనడానికి నోటి దాకా మాట వచ్చింది. "కొత్తాయన కోసిన ముక్కలు ఉన్నాయా, పారేశారా?" అని అడిగింది.

"ఉన్నాయి."

"పారెయ్యండి. సానపట్టినా దారికి రావు."

తిన్ తిన్ తల ఊపి వెనక్కి తిరిగి నడిచింది.

మర్నాడు డోరతీ అందరికంటే ముందు వెళ్లింది. మోటారు నడుస్తోంది, డ్రమ్ము నిండుగా ఉంది. ఏడ్చే ముఖానికి ఎడమ కనుబొమ్మతో మొదలుపెట్టింది. గీత, తట్టు, విరుపు. ముక్క కోసి, అచ్చు మీద ఆనించి చూసి, సాన మీద పెట్టింది. మధ్యాహ్నానికి ఎడమ సగానికి కావలసినవన్నీ అయ్యాయి. సబ్బునీళ్లలో వేసి ఒక్కొక్కటీ వేళ్లతో రుద్దింది. ఆ నీళ్లు పారబోసి మంచినీళ్లలో మళ్లీ కడిగింది. ఉతికిన బట్ట మీద బోర్లా ఆరబెట్టింది. ఆరాక ఒక్కో ముక్కా వెలుతురుకి ఎత్తి చూసి పళ్లెంలో పేర్చి, పళ్లెం తానే తీసుకెళ్లి గోడ దగ్గర పెట్టింది.

తిన్ తిన్ లక్క కలపడం ఆపి లేచింది. పళ్లెం తీసుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. బేసిన్‌లో నీళ్లు ముంచుకుని, సబ్బు వేసి, డోరతీ కడిగిన ముక్కలన్నీ అందులోకి ఒంపింది. గొంతుకూర్చుని ఒక్కొక్కదాన్నీ మళ్లీ మొదటి నుంచి కడగసాగింది. కూలీలు చూస్తున్నారు. వంటగది గుమ్మంలో ఎడ్విన్ రాజు చూస్తున్నాడు. ఆమె తొందరపడలేదు.

నాథన్ తాపీ దించి డోరతీ వైపు వంగాడు. "అప్పా, నువ్వు ఇప్పుడే గదా..."

"కడగనీ," అంది డోరతీ. చక్రం సీసాలో ముంచి, కుడి సగానికి పలక అందుకుంది.